పావ్లోవ్ కుక్కలు రోజూ ఎలా బతికాయి? టెట్ పుస్తకాల బొమ్మలో లేని సంగతులు

నోట్స్ శారద

టెట్, డీఎస్సీ రాసేవాళ్ళ కోసం శాస్త్రీయ నిబంధన మీద, అంటే తిండితో జతచేసిన చప్పుడుకే లాలాజలం ఊరడం కుక్కకు నేర్పిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల మీద, ఒక పాఠం తయారవుతోంది. ఏ గైడు తెరిచినా అదే బొమ్మ: బల్ల మీద కుక్క, చెంపకు గొట్టం, పక్కన చేతిగంట. కింద "గంట + ఆహారం = లాలాజలం" అని ఒక ముక్క. కుక్క గురించి అంతకు మించి ఏమీ ఉండదు.

తెలిసినవాళ్ళు చెప్పండి. ఆ గొట్టం నోటి లోపల ఉండేదా, బయటా? ఆపరేషన్ చేశాక కుక్క బతికేదా, ఏం తినేది? ఒక్కో కుక్కతో ఎన్నాళ్ళు పనిచేసేవాళ్ళు? కదలకుండా అంతసేపు ఎలా నిలబడేది? వీలైతే అమెరికా మనస్తత్వవేత్తల జంతువులు, అంటే థార్న్‌డైక్ పిల్లులు, స్కిన్నర్ పావురాలు, హార్లో కోతుల సంగతి కూడా. జాలి కథలు, తిట్లు ఇప్పటికే కావలసినన్ని దొరికాయి. కావలసింది వివరం.

నాళిక

గొట్టం నోట్లో కాదు, బయట. అసలు గొట్టం అనడమే తప్పు, అది చిన్న గాజు గిన్నె.

కుక్క చెంప లోపల పెరోటిడ్ గ్రంథి (చెవి దగ్గరి లాలాజల గ్రంథి) నాళం తెరుచుకునే చిన్న రంధ్రం ఉంటుంది. మత్తు ఇచ్చి, ఆ రంధ్రాన్ని చుట్టూ ఉన్న కాస్త పొరతో సహా బిళ్ళలా కోసి తీస్తారు. నాళాన్ని తెంచరు. చెంపకు చిన్న గాటు పెట్టి, ఆ బిళ్ళను దానిలోంచి బయటికి లాగి, చర్మానికి కుడతారు. కొద్ది రోజుల్లో అతుక్కుంటుంది. ఆ తర్వాత ఆ ఒక్క గ్రంథి లాలాజలం నోట్లోకి బదులు చెంప మీదికి కారుతుంది. మిగతా గ్రంథులన్నీ మామూలుగానే పనిచేస్తాయి కనుక కుక్క తిండికి ఇబ్బంది లేదు. 1895లో పావ్లోవ్ దగ్గర గ్లిన్‌స్కీ ఈ పద్ధతి స్థిరపరిచాడు. ఇలాంటి కుక్కలు ఏళ్ళ తరబడి ప్రయోగశాలలో ఉండేవి. మీ మూడో ప్రశ్నకు జవాబు ఇదే: నెలలు కాదు, ఏళ్ళు.

ప్రయోగం రోజున ఆ రంధ్రం మీద గాజు గిన్నె అంటించాలి. వెంట్రుకలు కత్తిరించి, చర్మం పొడిగా తుడిచి, మెండలేవ్ సిమెంటు కరిగించి అంటిస్తారు. కొలత పావ్లోవే ఇచ్చాడు: కొలోఫొనీ 50 గ్రాములు, ఐరన్ ఆక్సైడ్ 40 గ్రాములు, పసుపు తేనె మైనం 25 గ్రాములు. మూలకాల పట్టిక చేసిన మెండలేవ్ పేరు మీదుగా వచ్చిన సిమెంటే అది. అంచున సందు మిగిలితే చుక్కలు పక్కకు జారిపోతాయి, లెక్క తప్పుతుంది. ఇక్కడ చుక్కల సంఖ్యే ఫలితం కాబట్టి, అంటించడంలో తప్పు జరిగితే ఆ రోజు పని మొత్తం వృథా.

తిండి విషయం గైడుల్లో అసలు ఉండదు. పచ్చి మాంసం పెడితే లాలాజలం తక్కువ. అదే మాంసాన్ని ఎండబెట్టి పొడి చేసి పెడితే ధారగా వస్తుంది. గులకరాళ్ళు నోట్లో వేస్తే కుక్క ఉమ్మేస్తుంది, ఒకటి రెండు చుక్కలకు మించి రావు. ఆ రాళ్ళనే ఇసుక చేసి వేస్తే కడిగి బయటికి తోయడానికి బోలెడు నీళ్ళు ఊరతాయి. అందుకే ప్రయోగాల్లో మాంసం పొడి, రొట్టె పొడి ఎక్కువ కనిపిస్తాయి. కడుపు నిండిన కుక్కతో పని జరగదు కాబట్టి రోజు తిండిలో ఎక్కువ భాగం ప్రయోగం ముగిశాకే.

పాతబీరువా

గంట గురించి ఒక మాట. "పావ్లోవ్ గంట వాడనే లేదు" అని ఈమధ్య తిరుగుతున్నది కూడా తప్పే. విద్యుత్ గంట వాడాడు. కాకపోతే ఎక్కువగా కనిపించేవి మెట్రోనోమ్, బజర్, హార్మోనియం స్వరాలు, దీపం వెలుగు, చర్మం మీద తట్టడం. నిమిషానికి ఎన్ని కొట్టాలో పెట్టుకోగలిగేది మెట్రోనోమ్. చేత్తో ఊపే గంట ప్రతిసారీ ఒకేలా మోగదు కదా.

పాఠంలో అంకెలు కావాలంటే పావ్లోవ్ శిష్యుడు అన్రెప్ 1920లో ఇచ్చినవి వాడండి. స్వరం వినిపించి ఆహారం పెడుతూ పోతే, 10 జతల తర్వాత స్వరానికి మాత్రమే 6 చుక్కలు, 20 తర్వాత 20, 30 తర్వాత 60. ఆపైన పెద్దగా పెరగలేదు. అభ్యసన వక్రం గీయడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ ఉండదు.

నాళిక

లాలాజలం కుక్కలే పేరుకెక్కాయి గానీ, పావ్లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది అంతకు ముందరి జీర్ణగ్రంథుల పనికి. కష్టమైన బతుకు కూడా ఆ ముందరి కుక్కలదే. వాటి గురించి నాలుగు మాటలు చెప్పకపోతే పాఠం ఏకపక్షమవుతుంది.

సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రయోగాత్మక వైద్య సంస్థలో 1891 నుంచి శరీరధర్మ విభాగం పావ్లోవ్ చేతిలో ఉంది. అప్పటిదాకా చాలామంది చేసింది, కుక్కను కట్టేసి కోసి, ఆ పూటే చూసి చంపేయడం. నొప్పి, మత్తు రెండూ గ్రంథులను ఆపేస్తాయి, కాబట్టి అలా చూసింది నిజం కాదన్నది పావ్లోవ్ వాదం. కోలుకుని, తోక ఊపుతూ తిరిగే కుక్క కావాలి. అందుకని మనుషుల ఆసుపత్రిలో లాగే ఆపరేషన్ గదులు కట్టించాడు: కుక్కకు స్నానం చేయించి ఆరబెట్టే గది వేరు, మత్తు ఇచ్చే గది వేరు, కోలుకునే గదులు వేరు. దయ కోసం అనుకోనక్కర్లేదు. చీము పట్టిన కుక్క తప్పుడు లెక్కలిస్తుంది.

ఒక రకం కుక్కకు రెండు ఆపరేషన్లు. అన్నవాహికను మెడ దగ్గర కోసి రెండు కొసలూ బయటికి తెరుస్తారు. కడుపుకు ఇంకో గొట్టం. ఇప్పుడు కుక్క మాంసం నమిలి మింగితే అది మెడలోంచి గిన్నెలో పడుతుంది, కుక్క దాన్నే మళ్ళీ తింటుంది. కడుపులోకి ఒక్క ముక్క పోదు. అయినా సుమారు 5 నిమిషాల్లో కడుపు గొట్టంలోంచి స్వచ్ఛమైన జఠర రసం కారడం మొదలవుతుంది. 1889లో షుమోవా-సిమనోవ్‌స్కయాతో కలిసి చేసిన పని ఇది. కుక్కకు అసలు తిండి విడిగా కడుపు గొట్టంలోంచే పోయాలి. మర్చిపోతే అది రోజంతా "తింటూనే" పస్తుంటుంది.

ఈ రసాన్ని వడకట్టి, సీసాలకెత్తి అజీర్తి మందుగా అమ్మారు. ప్రయోగశాలకు అదొక ఆదాయం. దానికోసమే కొన్ని పెద్ద కుక్కలను వరసగా నిలబెట్టి పిండేవాళ్ళు.

రెండో రకం, చిన్న కడుపు కుక్క. కడుపులో ఒక భాగాన్ని సంచిలా విడదీసి పొట్ట గోడకు తెరుస్తారు. అసలు కడుపులో ఏం జరుగుతోందో తిండి కలవకుండా ఈ సంచి చూపిస్తుంది. పావ్లోవ్ కంటే ముందే జర్మనీ శాస్త్రవేత్త హైడెన్‌హైన్ ఇలాంటిది చేశాడు గానీ, ఆ కోతలో మెదడు నుంచి కడుపుకు వచ్చే వేగస్ నాడి తెగిపోయేది. నాడిని తెంచకుండా కోయడమే పావ్లోవ్ మార్పు. దీనికి ముందు చాలా కుక్కలు పోయాయి. 1894లో నిలిచిన కుక్క పేరు ద్రుజోక్, అంటే చిన్న నేస్తం.

ఇక క్లోమ రసం కుక్కలు. అన్నిటికన్నా కష్టం వీటిది. రసం బయటికి పోతూ ఉంటే కొన్ని వారాల్లో కుక్క తిండి మానేస్తుంది, నీరసిస్తుంది, ఫిట్స్ వస్తాయి. పాలు, రొట్టె పెట్టి, తిండిలో సోడా కలిపి నిలబెట్టేవాళ్ళు. రెండో బాధ, కారిన రసం పొట్ట చర్మాన్నే అరిగించి పుండు చేస్తుంది. దీనికి విరుగుడు చూపించింది ఒక కుక్కే. కట్టేసిన చోట రాత్రి గోడ గచ్చు పీకి, ఆ పొడి మీద పడుకుంది. తెల్లారి చూస్తే గచ్చంతా చిందరవందర. శుభ్రం చేసి కట్టేస్తే మర్నాడూ అదే పని. అప్పుడు గమనించారు: గచ్చు పొడి రసాన్ని పీల్చేసుకుంది, చర్మం ఆరింది. అప్పటినుంచి ఈ కుక్కలకు ఇసుక, గచ్చు పొడి పరుపు. ఈ సంగతి పావ్లోవే తన ఉపన్యాసాల్లో ఆ కుక్కకు కృతజ్ఞత చెప్పుకుంటూ రాశాడు.

నోట్స్ శారద

నాళిక గారూ, చాలా ఉపయోగం. ఇంకా ఒకటి మిగిలింది. చట్రంలో అంతసేపు కదలకుండా నిలబడటం ఎలా నేర్పారు?

పాతబీరువా

అదే వాళ్ళకు పెద్ద తలనొప్పి. చెక్క చట్రం, కాళ్ళ కింద వదులు ఉచ్చులు, మెడకు పట్టీ. బిగించి కట్టరు. కుక్క అలవాటు పడాలి, అంతే.

మొదట్లో చలాకీ కుక్కలను ఏరి తెచ్చుకున్నారు, చురుగ్గా పనిచేస్తాయని. అవే ముందు నిద్రపోయేవి! మార్పు లేని గదిలో, అదే చప్పుడు పదేపదే వింటూ నిలబడితే చలాకీ కుక్క ఉచ్చుల్లోనే వేలాడుతూ కునుకు తీసేది. నెమ్మది కుక్కలు గంటల తరబడి చక్కగా పనిచేసేవి. కుక్కల స్వభావాలను రకాలుగా విడదీయాలన్న ఆలోచనకు ఇలాంటివి దారి తీశాయి.

ఒక కుక్క మాత్రం చట్రంలో పెడితే ఊరుకునేది కాదు. కొరకడం, గింజుకోవడం, ఊరికే చొంగ కార్చడం. పావ్లోవ్ దీనికి స్వేచ్ఛా ప్రతిచర్య అని పేరు పెట్టాడు. మందు ఏమిటంటే, తిండి చట్రంలో తప్ప ఇంకెక్కడా పెట్టకపోవడం. మొదట కుక్క చిక్కిపోయింది, తర్వాత దారికొచ్చింది. నెలలు పట్టింది.

చప్పుళ్ళ బాధ ఇంకొకటి. బయట బండి పోయినా, తలుపు కిర్రుమన్నా ప్రతిచర్య చెడుతుంది. ప్రయోగం బాగా వచ్చిందని పావ్లోవ్‌ను పిలుస్తారు, ఆయన గదిలో అడుగుపెట్టగానే కుక్క ఆయన్ను చూస్తూ లాలాజలం ఆపేస్తుంది. అందుకే మాస్కోలోని లెదెన్‌త్సోవ్ సంఘం డబ్బుతో మౌన గోపురం అనే భవనం కట్టారు. మందపు గోడలు, చుట్టూ గడ్డి నింపిన కందకం, జంట తలుపులు. ప్రయోగం చేసేవాడు వేరే గదిలో కూర్చుని మీటల మీద పనిచేస్తాడు.

కుక్క చెడిపోయిన కేసు పాఠంలో తప్పకుండా పెట్టండి. 1914లో షెంగర్-క్రెస్తోవ్నికోవా ఒక కుక్కకు వృత్తం చూపించి ఆహారం పెట్టింది, దీర్ఘవృత్తం చూపించి పెట్టలేదు. మొదట దీర్ఘవృత్తం అక్షాల నిష్పత్తి 2:1, కుక్క సులభంగా పోల్చింది. తర్వాత మెల్లగా గుండ్రం చేస్తూ 9:8 దాకా తెచ్చారు. మూడు వారాలు ప్రయత్నించినా పోల్చడం మెరుగు కాలేదు, ఉన్నది కూడా పోయింది. అంతవరకూ బుద్ధిగా నిలబడిన కుక్క కీచుమని అరుస్తూ, పరికరాలను పళ్ళతో పీకింది. 2:1 మళ్ళీ చూపిస్తే అది కూడా పోల్చలేకపోయింది. మొదటినుంచీ నేర్పాల్సి వచ్చింది. ప్రయోగజన్య న్యూరోసిస్ అని పుస్తకాల్లో ఉండేది దీని నుంచి వచ్చిందే.

గోదారి గట్టు

బయటి లోకం కూడా ఆ కుక్కల మీద గట్టిగానే పడింది. 1918 నుంచి అంతర్యుద్ధం రోజుల్లో పెట్రోగ్రాడ్‌లో (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు అప్పటి పేరు) మనుషులకే రొట్టె లేదు, కుక్కలు ఆకలితో చచ్చిపోయాయి. మిగిలినవాటిలో నేర్చిన ప్రతిచర్యలు మసకబారి పోయాయి. 1921 జనవరిలో లెనిన్ సంతకంతో పావ్లోవ్ పనికి ప్రత్యేక ఆదేశం వచ్చాక గానీ కుదుటపడలేదు.

తర్వాత 1924 సెప్టెంబరు 23, లెనిన్‌గ్రాడ్ (మళ్ళీ పేరు మారిన అదే ఊరు) వరద. కుక్కల గూళ్ళు ప్రయోగశాలకు దూరంగా, పల్లంలో ఉన్నాయి. గూటి తలుపులు కిందికి ఉండటంతో, లోపల నీటి మీద తేలుతున్న కుక్క తలను నీళ్ళలో ముంచి బయటికి లాగాల్సి వచ్చింది. ఈదించుకుంటూ మేడ మీదికి చేర్చారు. ప్రాణాలు దక్కాయి గానీ, కొన్ని కుక్కల్లో ఏళ్ళుగా నేర్చిన ప్రతిచర్యలు మాయమయ్యాయి. చాలా రోజులకు ఒక కుక్క కోలుకున్నాక, గది తలుపు కింది నుంచి సన్నగా నీటి ధార పారించి చూశారు. మళ్ళీ మొదటికే వచ్చింది.

గింజల డబ్బా

థార్న్‌డైక్ పిల్లులు త్వరగా తేల్చేస్తాను. 1898 నాటి ప్రచురణ. పెట్టె పొడవు సుమారు 20 అంగుళాలు, వెడల్పు 15, ఎత్తు 12. పిల్లి తిరగడానికి సరిపడా చోటు, అంతే. పూర్తిగా ఆకలి మీదున్న పిల్లిని లోపల పెట్టి, చేప ముక్క బయట పెట్టేవాడు. గొళ్ళెం తీసుకుని బయటపడటం పిల్లి పని. ఆకలి మరీ ఎక్కువైతే పిల్లి ఊచలు కొరుకుతూ ఉంటుంది, గొళ్ళెం వైపు చూడదు. మరీ తక్కువైతే పడుకుంటుంది. యత్నదోష అభ్యసనంలో "దోషాల" సంఖ్యకు పిల్లి బుద్ధి ఎంత కారణమో, పొట్ట అంత కారణం.

ఈ తిప్పలు తప్పించడానికే స్కిన్నర్ వాళ్ళు తూకం పెట్టారు. పావురానికి కొన్నాళ్ళు కావలసినంత మేత పెట్టి, రోజూ ఒకే వేళకు తూచి, బరువు నిలకడ అయ్యాక దాన్ని పూర్తి బరువుగా రాసుకుంటారు. అది 500 గ్రాములైతే, మేత తగ్గిస్తూ 400కు, అంటే 80 శాతానికి దించి, అక్కడే నిలుపుతారు. రోజూ ప్రయోగానికి ముందు తూకం, ప్రయోగంలో తిన్నది లెక్క, లోటు సాయంత్రం మేతతో భర్తీ. నీళ్ళకు మాత్రం కోత లేదు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే మొదటి తూకంలో. కొత్తగా వచ్చి బెదిరిన పావురాన్ని తూచి అదే పూర్తి బరువనుకుంటే, అందులో 80 శాతం అంటే ఎముకల గూడే. ఇంకా పెరుగుతున్న కుర్ర పావురాన్ని తూచినా అంతే. 1948 నాటి "మూఢనమ్మకం" పావురాలు, అంటే ఏం చేసినా చేయకపోయినా వేళకు మేత పడినవి, 75 శాతం మీద ఉండేవి. 8లో 6 పావురాలు, మేతకు సంబంధం లేని ఏదో ఒక చేష్ట పట్టుకుని తిరిగాయి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పావురాలతో బాంబును గురి చూపించే పని ఒకటి నడిచింది. లక్ష్యం బొమ్మను పావురం ముక్కుతో పొడుస్తూ ఉండాలి. మినియాపొలిస్‌లో జనరల్ మిల్స్ పిండిమిల్లు కంపెనీ ఆధ్వర్యంలో, అమెరికా రక్షణ పరిశోధన కమిటీ ఇచ్చిన 25,000 డాలర్లతో. మొదట్లో పావురాన్ని మగవాళ్ళ మేజోడులో దూర్చి తల మాత్రం బయట ఉంచేవాళ్ళు. బహుమతిగా గంజాయి గింజలు పెట్టి చూశారు, చప్పుళ్ళకు బెదరడం తగ్గిందని స్కిన్నర్ రాశాడు. 1944లో పని ఆపేశారు. పావురాలు స్కిన్నర్ ఇంటి తోటలోని గూటికి చేరాయి. 6 ఏళ్ళ తర్వాత ఆ లక్ష్యం బొమ్మ చూపిస్తే వెంటనే పొడిచాయి.

గోదారి గట్టు

హార్లో కోతులకు మన దేశంతో సూటి సంబంధం ఉంది. అవి రీసస్ కోతులు, అప్పట్లో అమెరికా ప్రయోగశాలలకు ఇండియా నుంచే ఎక్కువగా వెళ్ళేవి. (మన వైపు గోదావరికి దక్షిణాన ఎక్కువగా కనిపించే టోపీ జుట్టు కోతి వేరే జాతి. ఈమధ్య రీసస్ కిందికి దిగుతోంది, అది వేరే కథ.) పట్టడం, బోనుల్లో కుక్కడం, విమానం. దారిలో క్షయ అంటుకునేది. 1955లో లండన్ విమానాశ్రయంలో వందల కోతులు ఊపిరాడక చచ్చిపోయాక మన ప్రభుత్వం కొన్నాళ్ళు ఎగుమతి ఆపింది. పూర్తి నిషేధం 1978 ఏప్రిల్ 1 నుంచి.

జబ్బు కోతులతో విసిగి విస్కాన్సిన్‌లో హార్లో సొంతంగా పెంచడం మొదలుపెట్టాడు. తల్లి జబ్బు పిల్లకు అంటకూడదని పుట్టిన 6 నుంచి 12 గంటల్లోపే విడదీసి, చిన్న సీసాలతో పాలు పట్టారు. పిల్లలు బతికాయి, బలంగా పెరిగాయి. కానీ బోను అడుగున పరిచిన గుడ్డను పట్టుకుని వదిలేవి కావు, ఉతకడానికి తీస్తే గోల చేసేవి. తల్లి ప్రేమ ప్రయోగానికి బీజం ఆ గుడ్డలోనే ఉంది. క్షయ భయం లేకపోతే 1958 నాటి గుడ్డ తల్లి, తీగ తల్లి అనే బొమ్మ తల్లులు పుట్టేవే కావేమో.

గుడ్డ తల్లి అంటే చెక్క దుంగ, దాని మీద స్పాంజి రబ్బరు, పైన టవల్ గుడ్డ, వెనక వేడికి బల్బు. తీగ తల్లి గుడ్డ లేని ఉత్త తీగ వల. 8 పిల్లల్లో నాలుగింటికి పాలు తీగ తల్లి దగ్గర, నాలుగింటికి గుడ్డ తల్లి దగ్గర. ఎనిమిదీ గుడ్డనే కరుచుకున్నాయి. గైడుల్లో రాయనిది: రెండు గుంపులూ పాలు సమానంగానే తాగాయి, బరువూ సమానంగానే పెరిగింది, కానీ తీగ తల్లి పిల్లలకు విరేచనం పలచగా అయ్యేది. మొదటి గుడ్డ తల్లికి ముఖం చేసేలోపే పిల్ల పుట్టేసింది, ఉత్త గుండ్రటి చెక్క తల పెట్టారు. తర్వాత కళ్ళూ ముక్కూ ఉన్న తల ఇస్తే ఆ పిల్ల దాన్ని వెనక్కి తిప్పేసి, నున్నటి వైపే చూసుకునేది.

ఆ తర్వాతి ఒంటరి బోను ప్రయోగాలు వేరే స్థాయి. 3 నెలలు ఒంటరిగా ఉంచి బయటికి తెచ్చిన 6 పిల్లల్లో ఒకటి తిండి ముట్టక 5 రోజుల్లో చచ్చిపోయింది. ఇంకోదానికి బలవంతంగా తినిపించారు. 6 నెలలు ఉంచినవాటిని మామూలు చేయడం అదే వయసు కోతుల వల్ల కాలేదు, అవి కొట్టేవి. చివరికి 3 నెలల పసి కోతులను జత చేస్తే, అవి మీద పడి కరుచుకుని కూర్చుంటే, ఒంటరి పిల్లలు మెల్లగా తేరుకున్నాయి. హార్లో, సువోమి 1970ల మొదట్లో ప్రచురించారు.

నోట్స్ శారద

అందరికీ నమస్కారాలు. బొమ్మలో చేతిగంట తీసేసి మెట్రోనోమ్, చెంపకు గాజు గిన్నె గీయిస్తున్నాను. చిన్న సందేహం: సిమెంటులో కొలోఫొనీని తెలుగులో గుగ్గిలం అని రాయొచ్చా?

నాళిక

రాయకండి. గుగ్గిలం వేరే చెట్ల జిగురు. కొలోఫొనీ అంటే పైన్ చెట్టు జిగురు నుంచి తైలం తీసేశాక మిగిలే గట్టి ముద్ద. రోజిన్ అని రాస్తే అందరికీ తెలుస్తుంది: వయొలిన్ కమానుకు రుద్దేదీ, టీవీ రిపేరు షాపులో సోల్డరింగ్‌కు వాడేదీ అదే. ఐరన్ ఆక్సైడ్ పక్కన "ఎర్ర పొడి" అని కూడా రాయండి, బొమ్మ గీసేవాళ్ళు గిన్నె అంచుకు రంగు సరిగ్గా వేస్తారు.